గ్రంథాలయం కావాలి, మైదానం మిగలాలి

కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో మిర్చి, పసుపు, మక్కల వ్యాపారంతో ఎదిగిన కేసముద్రం, 2016లో జిల్లాల పునర్విభజనతో వరంగల్ నుంచి విడివడి మహబూబాబాద్ జిల్లాలో భాగమై, 2025లో మున్సిపాలిటీ అయింది. హోదా మారిన ఊరికి కార్యాలయాలు, రోడ్లు, మురుగుకాల్వలతో పాటు పట్టణ స్థాయికి తగిన గ్రంథాలయం కూడా కావాలి. అయితే ఆ భవనం కోసం బడి మైదానంలోనో, చెరువు శిఖంలోనో, లేఅవుట్‌లో ప్రజల కోసం వదిలిన స్థలంలోనో ముగ్గు పోయడం ఎంతమాత్రం సమ్మతం కాదు. ఊరి మధ్యన, ఇప్పటికే కట్టడాలున్న ప్రభుత్వ భూమిలోనే గ్రంథాలయం వెలవాలి.

గ్రంథాలయ స్పృహ ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం ఏలుబడిలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ప్రజల పూనికతోనే ఏర్పడ్డాయి. ఆనాడు దాతల చందాలు చేసిన పనిని ఇప్పుడు చట్టం చేస్తోంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఆధారంగా ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాలకే ఖర్చు చేయవలసిన అదనపు పన్ను, వసూలవుతోంది. స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన ఈ సొమ్ము బకాయిల్లో పడటం రాష్ట్రంలో పాత జబ్బే అయినా, పన్ను కట్టే ప్రతి ఇల్లూ గ్రంథాలయానికి ముందే చందా చెల్లించినట్టే గనుక, ఈ కోరిక ప్రభుత్వ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడినది కాదు.

స్థలం విషయంలో చిక్కు నిజమైనదే. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడకం కోసమేనని చెబుతుంది; పాఠకుడికి దగ్గరగా, జనం రోజూ మసలే చోట గ్రంథాలయం ఉండాలన్నది దాని నుంచే వచ్చే నియమం. అయిదవ సూత్రం గ్రంథాలయాన్ని పెరిగే జీవిగా భావిస్తుంది కాబట్టి పుస్తకాలు, పాఠకులు పెరిగే కొద్దీ విస్తరించేందుకు చోటుండాలి. ఊరి నడుమ ఉండాలి, విశాలంగానూ ఉండాలి అన్న ఈ రెండు షరతులకూ చూడగానే సరిపోయేది ఖాళీ మైదానమే. భూసేకరణ ఖర్చు, కోర్టు తగాదా, ఖాళీ చేయించవలసిన కిరాయిదారు లేని ఆ స్థలం మీదికే అధికారుల చూపు ముందుగా మళ్లుతుంది.

కానీ రికార్డుల్లో ఖాళీగా కనిపించే నేల వాడకంలో ఖాళీగా ఉండదు. కానిస్టేబుల్ కొలువుకు సిద్ధమయ్యే అబ్బాయి 1600 మీటర్లు, అమ్మాయి 800 మీటర్లు నిర్ణీత సమయంలో పరుగెత్తాలి. లాంగ్ జంప్‌కు ఇసుక గుంత, షాట్‌పుట్‌కు చదునైన చోటు కావాలి. తెల్లవారుజామున మైదానంలో చెమటోడ్చే ఆ యువతే పగలంతా జనరల్ స్టడీస్ పుస్తకాలతో, టిఫిన్ డబ్బాతో గ్రంథాలయపు బెంచీ వెతుక్కుంటుంది. మైదానం మీద గ్రంథాలయం కడితే, ఒకే అభ్యర్థికి రాత పరీక్ష కోసం గది ఇచ్చి దేహదారుఢ్య పరీక్ష కోసం ఉన్న నేలను లాక్కున్నట్టవుతుంది. బతుకమ్మ ఆడే ఆడపడుచులకు, క్రికెట్ పిల్లలకు, సాయంత్రం నడకకు వచ్చే షుగర్ రోగులకు కూడా ఆ నేలకు బదులుగా చూపేందుకు మరో చోటు ఉండదు. గ్రంథాలయాన్ని పాత భవనం తొలగించిన చోటనైనా కట్టవచ్చు గాని, పోయిన మైదానాన్ని పట్టణం నడుమ మళ్లీ సృష్టించిన మున్సిపాలిటీ అరుదు.

చెరువు పక్క నేల సంగతి మరింత తీవ్రమైనది. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ఆ మార్గంలో రైళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. నీరు తన దారిని వెతుక్కున్నప్పుడు ఏం జరుగుతుందో ఇంత దగ్గరగా చూసిన ఊరు, చెరువు నిండినప్పుడు నీరు చేరే గరిష్ఠ హద్దు అయిన ఎఫ్‌టీఎల్ లోపల గాని, దాని చుట్టూ ఖాళీగా ఉంచవలసిన బఫర్‌లో గాని పుస్తకాల భవనం కట్టాలని ఆలోచించడమే తప్పు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ వదలాలని భవన నిర్మాణ నిబంధనలు నిర్దేశించాయి. ప్రైవేటు వ్యక్తికి వర్తించే ఆ హద్దు ప్రభుత్వానికి వర్తించదనుకుంటే కబ్జాదారుకూ కలెక్టరేటుకూ తేడా మిగలదు.

లేఅవుట్‌లో పార్కుకో ఆటస్థలానికో వదిలిన వాటా విషయంలోనూ ఇదే నీతి పాటించాలి. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ఆస్పత్రి కట్టేందుకు ఒక ట్రస్టుకు అప్పగించినప్పుడు స్థానికులు న్యాయపోరాటం చేయగా, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆస్పత్రి మంచిదే అయినా పార్కు చేసే పని అది చేయలేదన్న ఆ తీర్పు వెనుక తర్కం గ్రంథాలయానికీ అన్వయిస్తుంది: ఒక ప్రజా ప్రయోజనం పేరుతో మరో ప్రజా ప్రయోజనాన్ని బలి ఇవ్వడం పరిపాలన అనిపించుకోదు.

కట్టడాలున్న స్థలంలో నిర్మాణం ఖరీదనీ, కూల్చివేతలు, బదిలీలు తేలేలోగా మంజూరైన నిధులు మురిగిపోతాయనీ అధికారులు అనవచ్చు. జాప్యం భయం నిరాధారమేమీ కాదు. అయినా ఉచితంగా వచ్చినట్టు కనిపించే మైదానానికి లెక్కల్లో ధర వేయకపోవడం వల్లనే అది చౌకగా తోస్తుంది. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయానికి పుస్తకాల చోటు చాలనప్పుడు, వెనుకనున్న బ్రయంట్ పార్కు పచ్చిక కింద గిడ్డంగి కట్టి, 1992లో పార్కును తిరిగి ప్రజలకు అప్పగించారు. నేలమాళిగలు కట్టే స్తోమత కేసముద్రానికి అక్కర్లేదు. తక్కువ నేల మీద రెండు మూడు అంతస్తులు లేపి, పత్రికలు చదివే వృద్ధులకూ పిల్లలకూ కింది భాగం, పోటీ పరీక్షల అభ్యర్థులకు పై భాగం కేటాయించి, పునాదులను భవిష్యత్తు అంతస్తుకు తగ్గట్టు వేస్తే చాలు.

కాబట్టి మున్సిపాలిటీ మొదట పట్టణంలోని ప్రభుత్వ భూములు, భవనాలన్నిటి జాబితా తయారు చేసి, వేటిని పూర్తిగా వాడుతున్నారో, వేటిని సగం వాడుతున్నారో, ఏవి శిథిలమయ్యాయో తేల్చి నోటీసు బోర్డు మీద పెట్టాలి. పంచాయతీ కార్యాలయాలుగా పనిచేసి అవసరం తీరిన భవనాలనూ, పాతబడిన ఒంటి అంతస్తు ఆఫీసులనూ ముందు పరిశీలించాలి. పాత ఊరికీ స్టేషన్ వైపు పెరిగిన ఊరికీ నడిచి వెళ్లగల దూరంలో ఉండటం ఎంపికకు ప్రధాన కొలమానం కావాలి. పంట సీజన్‌లో ధాన్యానికి చోటు చాలని మార్కెట్ యార్డు జోలికి పోకుండా, ఎంచిన స్థలంపై అభ్యంతరాలు స్వీకరించి, ఆ భూమిని జిల్లా గ్రంథాలయ సంస్థ పేరిట బదలాయించాలి. అదే తీర్మానంలో మైదానాలకు, చెరువులకు సర్వే హద్దురాళ్లు పాతాలని కూడా చేర్చాలి. ఈ కసరత్తు ముగిసేదాకా బహిరంగ స్థలంలో శంకుస్థాపనకు జిల్లా యంత్రాంగం అనుమతి ఇవ్వరాదు.