పంకాల రొదయు పొరుగువారి నిద్రయు



పుట్టగొడుగుల పెంపకము మన పల్లెలలో చిన్న రైతులకును, స్త్రీల పొదుపు సంఘములకును ఒక ఆదరువుగా నున్నది. పొలము లేనివారు సైతము ఒక గదిని, కొంత వరిగడ్డిని సమకూర్చుకొని ఈ పంటను తీయవచ్చును. అయితే పంటగదియు పొరుగిల్లును ఒక్క వీధిలోనే యుండుటచే క్రొత్త తగవునకు చోటు కలుగుచున్నది. అది గాలిపంకాల రొద. పగటి సందడిలో వినబడని యా ధ్వని, రాత్రి ఊరు సద్దుమణగిన పిమ్మట ప్రక్కింటి పసిబిడ్డను, ముసలివారిని, రోగిని నిదురపోనీయదు. ఇది స్వల్పవిషయమని త్రోసిపుచ్చుట తగదని నా అభిప్రాయము.

"రాత్రివేళ పంకాను ఆపివేసిన సరిపోవును గదా" అని కొందరందురు. అది కుదరదు. పుట్టగొడుగు పచ్చని మొక్క కాదు. అది రేయింబవళ్లు ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసుగాలిని విడుచుచుండును. ఆ గాలి గదిలో పేరుకొన్నచో కాడలు పొడుగై, గొడుగులు చిన్నవై, సరకునకు ధర పలుకదు. కావున గాలి మారవలసినదే. కాని గాలి మారుటకు ఇంత రొద అక్కరలేదు.

రొదకు ముఖ్యకారణము, చిన్న పంకాను మిక్కిలి వేగముగా త్రిప్పుటయే. పంకా వేగము సగమైనచో అది తోలెడి గాలియు సగమగును. కాని దానికి పట్టు విద్యుచ్ఛక్తి లెక్క ప్రకారము ఎనిమిదవ వంతునకు దిగును. ధ్వని సుమారు 15 డెసిబెల్లు తగ్గును. అట్టి పంకాలు రెండు పెట్టినచో గాలి మునుపటియంతయే వచ్చును, కరెంటు నాలుగవ వంతుతో సరిపోవును, ధ్వని మొత్తము మీద 12 డెసిబెల్లు తక్కువగా నుండును. పది డెసిబెల్లు తగ్గిన ధ్వని మన చెవికి ఇంచుమించు సగముగా తోచును. కాబట్టి రొదను తగ్గించుట పొరుగువారికి చేయు దానము కాదు. మన కరెంటు బిల్లునకును మేలే.

ఇచట ఒక జాగ్రత్త కలదు. మెల్లగా తిరుగు పంకాకు గాలిని నెట్టు బలము తక్కువ. ఇరుకైన గొట్టములు, దుమ్ము పట్టిన పురుగుల వలలు ఎదురుపడినచో అది ఓడిపోవును. అందుచే గాలి వచ్చు కిటికీని వెడల్పు చేయవలెను, వలను తరచుగా కడుగవలెను. బెల్టుతో నడచు పంకాకు మోటారు మీది పుల్లీని చిన్నది వేసినను వేగము తగ్గును. ఇది తక్కువ ఖర్చుతో నగు పని.

గడ్డిసంచులలో విత్తనము అల్లుకొను మొదటి 15, 20 దినములలో ముత్యపుచిప్ప పుట్టగొడుగునకు క్రొత్తగాలి కొంచెమే చాలును. మొగ్గలు తొడిగిన పిదపనే అధికముగా కావలెను. మొదటి దినము నుండి పూర్తివేగమున త్రిప్పువారు కరెంటును వృథా చేయుటయే గాక గదిలోని తేమను గూడ పోగొట్టుకొనుచున్నారు.

పిమ్మట చేయవలసినవి చిన్న పనులే. రెక్కలకు దుమ్ము పట్టినచో తూకము తప్పి పంకా అదరును; దానిని తుడువవలెను. బేరింగులకు గ్రీజు పెట్టవలెను. పంకాను గోడకు నేరుగా బిగించిన గోడయంతయు మ్రోగును. నడుమ రబ్బరు దిమ్మలు వేయవలెను. గొట్టమునకును పంకాకును మధ్య కాన్వాసు గుడ్డను తొడిగిన అదురు ముందుకు సాగదు. కోడిగ్రుడ్ల అట్టలను, తెర్మోకోలు పలకలను గోడలకు అంటించుటచే ఫలము లేదు. ధ్వనిని ఆపునది బరువైన గోడ. తేలిక వస్తువు కాదు. గాలి వెడలు చోట ఇటుకలతో వంపుగల గూడు కట్టి, లోపల గ్లాస్‌ఊలును పలుచని పాలిథీన్ తొడుగుతో అమర్చినచో ధ్వని చాల వరకు అణగును.

అన్నిటికంటె ముఖ్యము పంకా ముఖము. దానిని పొలముల వైపునకు త్రిప్పవలెను. ఇంటికి 5 మీటర్ల దూరమున నున్న పంకాను 10 మీటర్లకు జరిపినచో ఆరుబయట 6 డెసిబెల్లు తగ్గును. అంతే గాక, ఆ గాలితో వెడలు పుట్టగొడుగు బీజరేణువులు కొందరికి దగ్గును, ఆయాసమును కలిగించును. ఆ గాలిని పొరుగింటి వాకిటికి పంపుట న్యాయము కాదు.

"పల్లెలో ట్రాక్టరు మ్రోగుట లేదా, మోటారు మ్రోగుట లేదా" యని అడుగువారు కలరు. ట్రాక్టరు వచ్చి పోవును. పంకా తెల్లవార్లు నిలిచియుండును. చట్టము గూడ రాత్రిని వేరుగా చూచుచున్నది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెల్లను హద్దుగా నిర్ణయించినవి. అయినను తగవు చట్టము దాక పోకుండుటయే మేలు. ఒక్క గది మీద ఊరు అలిగినచో, తరువాత గది కట్టదలచిన బీదరాలికి స్థలము దొరకదు.

కావున మన సహకార సంఘములు ఈ పనిని తలకెత్తుకొనవలెనని నా మనవి. పంటగదికి అప్పు ఇచ్చునపుడే, పంకా ఏ వైపున పెట్టుదురో, ఎంత వేగమున తిరుగునో, పొరుగిల్లు ఎంత దూరమో విచారింపవలెను. పెద్ద పంకా ఒక్కరికి భారమైనచో సభ్యులందరికి కలిపి టోకున కొనవలెను. ఇప్పటికే గదులు కట్టినవారికి గూడు కట్టుటకు చిన్న అప్పు నీయవలెను. కరెంటులో మిగులు సొమ్ముతో వారు దానిని తీర్పగలరు.

సహకారమనగా అప్పులు, ఎరువులు మాత్రమే కాదు. నా లాభమునకై నీ నిద్ర చెడరాదనుటయు సహకారమే. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చింతురు గాక.