నమ్మకమే కన్ను కప్పినప్పుడు

ఆకస్మిక దాడి జరిగిన ప్రతిసారీ గూఢచారులు సమాచారం సేకరించలేకపోయారని నిందించడం పరిపాటి. కాని చరిత్రను పరిశీలిస్తే, లోపం తరచుగా సమాచారంలో కాక దానిని చదివిన మనస్సులో ఉన్నదని విశదమవుతుంది.

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా సేనలు ఇజ్రాయెల్ అధీనంలోని సినాయ్, గోలాన్ ప్రాంతాలపై ఏకకాలంలో విరుచుకుపడ్డాయి. సూయజ్ కాలువ వెంబడి సేనలు మోహరించడం ఇజ్రాయెల్ కంటబడకపోలేదు. అయితే దూరప్రాంతాలను ఛేదించగల బాంబరు విమానాలు సమకూరనిదే ఈజిప్టు యుద్ధానికి దిగదనీ, ఈజిప్టు తోడు లేనిదే సిరియా కదలదనీ ఇజ్రాయెల్ సైనిక గూఢచారి విభాగం ముందే నిశ్చయించుకొన్నది. అందుచేత ఆ మోహరింపు కేవలం సైనిక విన్యాసంగా తోచింది. విన్యాసం ముసుగులో యుద్ధ సన్నాహం జరుగుతున్నదని ఒక యువ లెఫ్టినెంటు అక్టోబరు 1, 3 తేదీలలో వ్రాసిన నివేదికలు పై అధికారి వద్దనే ఆగిపోయాయి. ఆ ఏమరుపాటు వెంట వచ్చిన యుద్ధంలో ఇరుపక్షాలా వేలాది ప్రాణాలు బలియైనాయి.

అగ్రనాట్ విచారణ సంఘం ఈ మొండి నమ్మకాన్నే తప్పుపట్టింది. ప్రబలమైన అంచనాలను ప్రశ్నించడానికే ఒక ప్రత్యేక శాఖ కూడ ఏర్పడింది. అయినప్పటికీ 2023 అక్టోబరు 7న హమాస్ దాడి ఆ దేశాన్ని మరల నిర్ఘాంతపరచింది.

కనుక శాఖలు నెలకొల్పినంత మాత్రాన చాలదు. ఆలోచనా పద్ధతి మారాలి. ఏ సూచన కనబడితే తన అంచనా తప్పని ఒప్పుకోవాలో విశ్లేషకుడు ముందుగానే వ్రాసి పెట్టుకోవాలి. అనుకూల సాక్ష్యాలను పోగుచేయడం కంటె ప్రతికూల సాక్ష్యాన్ని వెదకడం మిన్న. చిన్న ఉద్యోగి అసమ్మతి చెక్కుచెదరకుండా పైవారికి చేరాలి. హోదా సత్యానికి కొలమానం కాదు. విద్యార్థులు ఏ రంగంలో అడుగిడినా ఈ పాఠాన్ని మరువరాదు.