ప్రాణం దక్కింది సరే, మనిషి సంగతేంటి?

"పసుపు కుంకుమలు నిలిచాయి, అదే పదివేలు." బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన భర్త ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే, భార్యతో అందరూ అనే మాట ఇది. నాకు కోపం ఈ మాట మీదే. అసలు కష్టం మొదలయ్యేది ఆ రోజునుంచే. అది చెప్పుకోనివ్వకుండా ఈ ఒక్కమాటతో ఆమె నోరు మూయించేస్తారు.

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ ఎవరికి కనిపిస్తుంది? నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. కుక్కర్ విజిల్ వేస్తే తల పట్టుకుంటాడు. కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేసి, పావుగంటకు ఏమీ జరగనట్టు కూర్చుంటాడు. చుట్టాలేమో "బద్ధకం మరిగాడు" అంటారు, లేకపోతే "ఆవిడే సరిగ్గా చూసుకోవట్లేదు" అంటారు. రెండూ తప్పే. నుదుటి వెనకాల మెదడు దెబ్బతింటే కోపాన్ని ఆపుకునే శక్తి, పని మొదలుపెట్టే చొరవ తగ్గిపోవచ్చు. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైలుమార్గం పనివాడి తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ స్నేహితులకు అతను పాత గేజ్‌లా అనిపించలేదని చూసిన డాక్టరే రాశాడు. అంత పాత సంగతి మన ఇళ్లకు ఇంకా చేరలేదు!

చిన్న దెబ్బయితే మరీ అన్యాయం. కళ్లు తెరవడానికి, మాటకి, కదలికకి మార్కులు వేస్తారు. 15కి 13 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే "మైల్డ్" అంటారు. అది ఆ పూట లెక్క. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, నిజమే. కొందరికి మాత్రం స్కాన్ నార్మల్‌గా ఉన్నా తలనొప్పి, తలతిరుగుడు, మతిమరుపు నెలల తరబడి వదలవు.

"భార్య కాకపోతే ఎవరు చూస్తారమ్మా?" అంటారు. చూసుకోవడం వేరు, చికిత్స వేరు. నడకకి ఫిజియోథెరపీ, మాటకి స్పీచ్ థెరపీ, స్నానం, బట్టలు, డబ్బు లెక్కల్లాంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పడానికి ఆక్యుపేషనల్ థెరపీ, జ్ఞాపకశక్తికి, కోపానికి సైకాలజిస్టు. ఇవన్నీ చదువుకున్నవాళ్లు చేసే పనులు. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. ఇంత పనినీ "పతిసేవ" అని పేరుపెట్టి ఒక్క ఆడమనిషి నెత్తిన పడేయడం భక్తి కాదు, ఖర్చు తప్పించుకోవడం.

అదే దెబ్బ ఆమెకే తగిలితే? స్నానాలగదిలో జారిపడినా, మొగుడు గోడకేసి కొట్టినా, నాలుగోరోజుకల్లా పొయ్యి దగ్గర నిలబడాలి. లైటు వెలుగు భరించలేకపోతున్నానంటే "నాటకాలు" అంటారు. ఆమెకు పతిసేవలాంటి పేరున్న సేవ చేసేవాళ్లు ఎవరూ లేరు. మన భాషలో ఆ మాటే పుట్టలేదు.

అందుకే డిశ్చార్జి రోజున మందులచీటీతో సరిపెట్టుకోకండి. ఏ థెరపీ, ఎక్కడ, ఎన్నాళ్లు, మళ్లీ పనిలోకి ఎప్పుడు, బండి ఎప్పుడు నడపచ్చు, ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి... అన్నీ కాగితం మీద రాయించుకోండి. కోపం, మతిమరుపు గురించి దాచకుండా చెప్పండి, అది భర్త పరువు తీయడం కాదు. "ఓపిక పట్టమ్మా" అని చెప్పడానికి వచ్చిన పెద్దల్ని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "ఎల్లుండి థెరపీకి మీరు తీసుకెళ్తారా?" అని అడగండి.