గడియారము మ్రోగువరకు

హార్పర్ లీ 1960లో ప్రకటించిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలను చదివినవారు న్యాయవాది అటికస్ ఫించ్‌ను మరువరు. చేయని నేరమునకు శిక్షపడిన నీగ్రో యువకుడు టామ్ రాబిన్సన్‌ను తలచుకొని నిట్టూర్తురు. నాకు మాత్రము ఆ నవల పేరు వినగానే మొదట జ్ఞప్తికి వచ్చునది పదకొండవ అధ్యాయములోని ఒక ముసలమ్మ. ఆమె పేరు మిసెస్ డ్యూబోస్. ఒక్క అధ్యాయములో మన ముందుకు వచ్చి, ఆ అధ్యాయము ముగియకముందే మరణించును. 1962లో వచ్చిన చలనచిత్రములో ఆమె క్షణకాలము కనిపించి మాయమగును. ఆమె కథలోని మర్మమంతయు నవలలోనే మిగిలిపోయినది.

కథాస్థలము అమెరికా దక్షిణ ప్రాంతమున అలబామా రాష్ట్రములోని మేకోంబ్ అను చిన్న ఊరు. కాలము 1930 ప్రాంతములు. ఈమె తన ఇంటి వసారాలో చక్రాల కుర్చీలో కూర్చుండి, దారిని పోవు పిల్లలను తిట్టుచుండును. అటికస్ ఒక నీగ్రో పక్షమున వాదించుటకు ఒప్పుకొన్నాడని తెలిసినపిమ్మట ఆ తిట్లు తండ్రి మీదికి తిరిగినవి. పండ్రెండేండ్ల జెమ్ ఒకనాడు ఓర్వలేక, చెల్లెలి చేతికర్ర లాగుకొని, ఆమె తోటలోని కమేలియా పూలమొక్కలను తెగనరికినాడు. దానికి శిక్షగా నెలదినములు ప్రతి సాయంకాలము ఆమె ఇంటికి పోయి రెండేసి గంటలు పుస్తకము చదివి వినిపింపవలసి వచ్చినది. చదివినది వాల్టర్ స్కాట్ రచించిన 'ఐవన్‌హో'. కవచములు తొడిగిన వీరులు గుఱ్ఱములెక్కి బల్లెములతో ఒకరినొకరు కూల్చుకొను కథ అది. ఆ వీరగాథ మ్రోగుచున్న గదిలోనే, మంచముమీద, ఎవరికిని కనిపింపని మరియొక యుద్ధము జరుగుచున్నదని పిల్లలకు తెలియదు.

మంచము ప్రక్కన ఒక అలారము గడియారముండెను. అది మ్రోగగానే మందు వేళ అయినదని పనిపిల్ల జెస్సీ పిల్లలను బయటికి పంపివేయును. ఆ గంట రోజురోజుకు కొన్ని నిమిషములు ఆలస్యముగా మ్రోగుచున్నదని చెల్లెలు స్కౌట్ కొంతకాలమునకు గాని గ్రహింపలేదు. నెల ముగిసినది, ఇంకొక వారము చదువుమని ఆమె అడిగినది. చివరకు గంట మ్రోగుటయే మానినది. కొద్ది వారముల తరువాత ఆమె కన్నుమూసినది. అప్పుడు తండ్రి అసలు సంగతి చెప్పినాడు. బాధ తగ్గుటకు వైద్యుడిచ్చిన మార్ఫిన్‌కు ఆమె ఏండ్ల తరబడి బానిసయైనది. బ్రతుకు ఇక కొన్ని నెలలే అని తెలిసియు, మిగిలిన దినములు మందుమత్తులో సుఖముగా గడపుటకు ఇష్టపడక, స్వతంత్రురాలుగా పోవలెనని పట్టుబట్టినది. చదువు వినిపించుచుండగా ఆమె చెవి కథమీద లేదు. ప్రాణమంతయు గడియారముమీదనే యున్నది.

మార్ఫిన్ అనగా మన నల్లమందునుండి తీసిన సారమే. మనవారు సప్తవ్యసనములను లెక్కించినప్పుడు మద్యమును చేర్చిరి, జూదమును చేర్చిరి. వైద్యుడే చేతికిచ్చిన మందు వ్యసనమగునని వారు ఊహించి యుండరు. కాని అదే జాబితాలో వాక్పారుష్యమున్నది, చూడుడు! ఇక్కడనే నా మనస్సు చిక్కుపడుచున్నది. ఆ ముసలమ్మ జాబితాలో లేని వ్యసనమును జయించినది. జాబితాలోనున్న వ్యసనమును కడదాక వదలలేదు. పసిపిల్లల ముఖముమీద వారి తండ్రిని దూషించు నోరు, నల్లవారిని మనుష్యులుగా తలంపని ఆ మనస్సు, మార్ఫిన్ వదలినంత మాత్రమున మారలేదు. తాను మారవలెనని ఆమె కోరిన జాడ కూడ కనబడదు.

ఈ అధ్యాయమును పాఠముగా చెప్పు ఉపాధ్యాయులు కొందరు ఈ సంగతిని మెల్లగా దాటవేయుదురు. ధైర్యవంతురాలని చెప్పి, తిట్లను వార్ధక్యము ఖాతాలో వ్రాసివేయుదురు. అది రచయిత్రికి చేసిన అన్యాయమని నా అభిప్రాయము. రచయిత్రి ఆమెను మంచిదానిని చేయలేదు. అటికస్ కూడ ఆమె అభిప్రాయములను సమర్థింపలేదు. తనకు తెలిసినవారిలో అందరికంటె ధైర్యము గలది ఆమెయే అని మాత్రము అన్నాడు. ధైర్యము వేరు, ధర్మము వేరు. ఒక గుణమునకు నమస్కరించి, అదే మనిషిలోని మరియొక గుణమును నిరాకరించుట పిల్లలకు చేతకాని పని అని మనము భయపడుదుము. జెమ్‌కు చేతనైనదా? ఆ సంగతి చివర చెప్పెదను.

ఈ అధ్యాయమునకు ముందున్న అధ్యాయమును కూడ కలిపి చదువవలెను. అందులో అటికస్ పిచ్చికుక్కను ఒక్క తూటాతో పడగొట్టును. పిల్లలు తండ్రిని చూచి పొంగిపోవుదురు. వెనువెంటనే రచయిత్రి వారిని ముసలమ్మ గదికి నడిపించినది. తుపాకి పట్టినవాడే వీరుడను భ్రమ వారికి కలుగరాదని అటికస్ తన నోటనే చెప్పినాడు. ఓడిపోవుదునని తెలిసియు మొదలుపెట్టి, కడవరకు నిలుచుటయే అతని దృష్టిలో ధైర్యము. టామ్ వ్యాజ్యములో అతడు చేయబోవు పని కూడ అదియే.

అయినను అటికస్ మాటను మక్కికి మక్కి ఒప్పుకొనుటకు నాకొక సంకోచమున్నది. వ్యసనమును వదలుట ధైర్యమైనచో, వదలలేనివారు పిరికివారని విద్యార్థి అనుకొనవచ్చును. ఆ తరగతి గదిలో తండ్రి త్రాగుడువల్ల నలిగిపోవుచున్న బిడ్డ ఒకడైన ఉండడా? నేటి వైద్యశాస్త్రము దీనిని రోగముగా పరిగణించి చికిత్స చేయుచున్నది; మెథడోన్ వంటి మందులున్నవి, వైద్యుల పర్యవేక్షణ యున్నది. నవలను జాగ్రత్తగా చదివినచో అందులోను కేవలము మొండిపట్టు లేదు. మందును ఒక్కసారిగా మానలేదు. రోజుకు కొన్ని నిమిషములు జరుపుకొనుచు పోయినది. లెక్క తప్పకుండుటకు గడియారము, మనస్సు మరల్చుటకు ఒక బాలుని కంఠము, మందిచ్చుటకు జెస్సీ చేయి. ఆ జెస్సీ నల్లపిల్ల. ముసలమ్మ ఎవరిని హీనులని తిట్టినదో, వారిలో ఒకతె చేతిమీదుగానే ఆమెకు విముక్తి లభించినది. అటికస్ పొగడ్తలో జెస్సీ పేరు రాలేదు. పరీక్షపత్రములలోను ఆ పేరు వచ్చినట్లు నేనెరుగను. ఉపాధ్యాయ మిత్రులెవరైనను ఈసారి ఆ ప్రశ్న అడిగినచో సంతోషింతును.

ఇక జెమ్ సంగతి. చనిపోవుటకు ముందు ముసలమ్మ వానికొక మిఠాయి పెట్టె పంపినది. తెరచి చూడగా అందులో తెల్లని కమేలియా పువ్వు. చచ్చియు తన్ను వెంటాడుచున్నదని జెమ్ కేకలు పెట్టినాడు. తండ్రి చెప్పినదంతయు విన్నపిమ్మట పెట్టెను నిప్పులో పడవేసినాడు. పువ్వును పడవేయలేదు. స్కౌట్ నిద్రకు పోవుచు చూచినప్పుడు, ఆ వెడల్పాటి రేకులను వ్రేళ్లతో మెల్లగా తడవుచు కూర్చుండి యుండెను.