జాడ చూశాకే కంచె

రాత్రికి రాత్రి పెరడు గుల్లయితే తెల్లారేసరికి నింద అడవి పంది మీదో కోతి మీదో పడుతుంది. ఆ వెంటనే కరెంటు తీగో ఎలుకల మందో బయటికొస్తుంది. హైదరాబాద్ శివార్లలో గుట్టల్నీ చెరువు శిఖాల్నీ ఆనుకుని వెలిసిన లేఔట్లలో, శేషాచలం అంచునున్న తిరుపతి కాలనీల్లో, నల్లమల చుట్టుపక్కల ఊళ్లలో ఇది మామూలైపోయింది. నష్టం నిజమే, కోపమూ న్యాయమే. కానీ వచ్చింది ఏ జంతువో, దేనికోసం వచ్చిందో తేల్చుకోకుండా చేసే పని ఏదీ దాన్ని ఆపలేదు. పైగా మన పిల్లలకూ పక్కింటివాళ్లకూ ముప్పు తెస్తుంది.

జాడ పట్టడం పెద్ద విద్యేమీ కాదు. అడవి పంది మూతితో కుమ్మితే నేల నాగలి తిరిగినట్టు పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. తడి మట్టిలో చీలిన గిట్టల గుర్తులుంటాయి, దగ్గర్లోని చెట్టు మొదట్లో అది ఒళ్లు రుద్దుకున్న బురద అంటి ఉంటుంది. పందికొక్కయితే గోడవారనో మెట్ల కిందో బొరియ, దాని నోటి దగ్గర కొత్త మట్టి కుప్ప కనిపిస్తాయి; కొక్కు లోపలుంటే చాలాసార్లు ఆ నోరు మట్టితో మూసే ఉంటుంది. ముళ్లపంది దుంపలు తవ్వడమే కాదు, చెట్టు మొదలు బెరడు కొరుకుతుంది, ఒకటి రెండు ముళ్లు అక్కడే రాల్చిపోతుంది. అరచేతిలో సగం కూడా లేని గుంటలు లాన్ నిండా చెదురుమదురుగా ఉంటే ముంగిసో పునుగుపిల్లో పురుగుల కోసం గీరిందని అనుకోవచ్చు. జామచెట్టు కింద సగం కొరికిన కాయలు కనబడగానే కోతులని తీర్మానించేస్తాం. పక్కనే నమిలి ఉమ్మిన పిప్పి ఉండలుంటే అది గబ్బిలాల పని. కోతులు పగలు తిరిగేవి, రాత్రి జరిగిన నష్టానికి వాటిని తిట్టి లాభం లేదు. అప్పటికీ తేలకపోతే తవ్విన చోట సన్నటి ఇసుక పరిచి ఉంచితే తెల్లారేసరికి అడుగు ముద్ర పడుతుంది.

ఏ జంతువో తెలిశాక, ఎందుకు తవ్విందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. లాన్‌లో గడ్డి పసుపు తిరిగిన చోట జానెడు మేర పెళ్లను పారతో లేపి చూడండి. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తలతో ముడుచుకున్న లావుపాటి పురుగులు కనిపించవచ్చు. వేరుశనగ రైతులకు బాగా తెలిసిన వేరుపురుగు ఇదే. తొలకరి పడగానే నేలలోంచి పెంకు పురుగులు లేచి వేప లాంటి చెట్ల ఆకులు తింటాయి, తిరిగి మట్టిలోనే గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు గడ్డి వేళ్లు కొరుక్కుంటూ పెరుగుతాయి. మాగని పెంట వేసిన నేలలో వీటి బెడద మరీ ఎక్కువ. అంటే లాన్ వేసిన రోజే మనం ఆ జంతువులకు విందు సిద్ధం చేసి పెడుతున్నామన్నమాట. బాగా మాగిన ఎరువే వాడడం, తొలకరి రోజుల్లో సాయంత్రం చెట్లు దులిపి పెంకు పురుగుల్ని ఏరేయడం, మెటారైజియం శిలీంద్రాన్ని ఎరువులో కలిపి నేలకివ్వడం వంటివి చేస్తే పురుగు తగ్గుతుంది. పురుగు తగ్గితే తవ్వకమూ తగ్గుతుంది. ముంగిసను చంపితే మాత్రం పురుగు మిగులుతుంది, గడ్డి ఎండుతూనే ఉంటుంది.

విషం సంగతీ అంతే. జింక్ ఫాస్ఫైడ్ ఎర కొద్దిగా తిని బతికి బయటపడ్డ పందికొక్కు మళ్లీ దాని జోలికి పోదు. ఆ ఎర పెంపుడు కుక్క నోట పడొచ్చు, పసిబిడ్డ చేతికి చిక్కొచ్చు. కోతుల్ని పట్టి పక్క మండలం పొలిమేరలో వదిలేయడం కూడా పరిష్కారం కాదు, మన బాధ ఇంకో ఊరి నెత్తిన పడేయడమే అవుతుంది. వాటికి శాశ్వతంగా పనిచేసేది సంతాన నియంత్రణ. హిమాచల్ ప్రదేశ్ ఈ దారిన ఎప్పుడో నడిచింది. తెలంగాణలో 2020లో నిర్మల్ జిల్లాలో ఇందుకోసం ఒక కేంద్రం పెట్టారు, కానీ రాష్ట్రమంతటికీ ఆ ఒక్కటి ఏ మూలకు? ఘాట్ రోడ్ల మీద కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు పంచేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. మనిషి చేతి తిండి మరిగిన గుంపు అడవిలో మేత వెతుక్కోవడం మాని ఇళ్ల మీదికే వస్తుంది.

‘పంట కళ్లముందే పోతుంటే జాడలు చూస్తూ కూర్చోమంటారా?’ అని రైతు అడుగుతాడు. కూర్చోమని ఎవరూ అనడం లేదు. వన్యప్రాణి చట్టం కూడా ఆయన చేతులు పూర్తిగా కట్టేయలేదు. ప్రాణానికో నిలిచిన పంటకో ముప్పయిన అడవి పందిని వేటాడేందుకు అధికారులు అనుమతి ఇవ్వొచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇలాంటి చీడ జంతువుల మీద పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరసలు వేయాలన్న సలహా అలాంటి పరిశోధనల నుంచి వచ్చిందే. ఇది ఊరూరికీ చేరకపోవడం వ్యవసాయ, అటవీ శాఖల లోపం, రైతుది కాదు. సోలార్ కంచె పెట్టుకునే స్తోమత లేనివారికి సబ్సిడీ ఇవ్వడమూ ప్రభుత్వం బాధ్యతే.

సోలార్ కంచె, కరెంటు తీగ ఒకటేనని చాలామంది పొరబడతారు. సోలార్ కంచెలో షాక్ రెప్పపాటు కన్నా తక్కువసేపు కొట్టి ఆగుతుంది, సుమారు సెకనుకోసారి. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. స్తంభం నుంచి కొక్కెం వేసి లాగిన తీగలో 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, తగిలిన ఒంటిని వదలదు. పందుల కోసం కట్టిన అలాంటి తీగలకు రైతులు, పశువుల కాపర్లు, కొన్నిసార్లు తీగ కట్టిన మనిషే బలైన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. మీ వీధిలోగానీ మీ పొలం గట్టునగానీ అలాంటి తీగ కనిపిస్తే మొహమాటపడకండి, వెంటనే 1912కు ఫోన్ చేసి తీయించండి.