సినిమాని సినిమాలాగే చూడాలట!

మొన్న సంక్రాంతికి మా మరిది వాళ్లు వచ్చారు. కనుమ రోజు మధ్యాహ్నం గారెలు, కోడికూర అయ్యాక అందరూ హాల్లో చాపలేసుకుని కూర్చున్నారు. ఇంక మా ఇంట్లో నలుగురు చేరితే మొదలయ్యేది సినిమాల కబుర్లే. ఆ విషయంలో నేనూ తక్కువదాన్నేం కాదు. పెళ్లిచూపుల్లో "మీకేం ఇష్టం?" అని మావారు అడిగితే ఠక్కున "సినిమాలు" అన్నదాన్ని. లోపల్నుంచి మా అమ్మ దగ్గినా వినిపించుకోలేదు.

ఆ కబుర్ల మధ్యలో, డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మామూలుగా ఒక మాట అంది. "నేను ఏడున్నర బస్సు మానేసి ఆరూముప్పావు బస్సుకి వెళ్తున్నా. స్టాపులో ఒకడు రోజూ నిలబడుతున్నాడు. నేనెక్కిన బస్సే ఎక్కి కాలేజీ దాకా వస్తున్నాడు."

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మావాడు వెంటనే అందుకున్నాడు. "కంగారు పడకక్కా! ఇంటర్వెల్ దాకా అలాగే ఉంటుంది. తర్వాత నువ్వే పడిపోతావు."

హాలంతా నవ్వులు. మావారూ నవ్వారు. చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. అంతలో అమ్మాయి మొహం చూశాను. అది ఫోను తీసుకుని లేచి లోపలికి వెళ్లిపోయింది. పది రోజులుగా తెల్లవారుజామున చలిలో బస్సెందుకు మార్చుకుందో చెప్పడానికి దానికి ఇప్పుడు ధైర్యం వచ్చింది. మేమేమో నవ్వాం.

నేను మావాణ్ణి గట్టిగా కేకలేశాను. ఈ సినిమాలు చూసి చూసి బుద్ధులు ఇలా తయారయ్యాయని అన్నాను. అప్పుడు మా మరిది తాంబూలం నములుతూ, "మీరు మరీను వదినా. సినిమాని సినిమాలాగే చూడాలి" అన్నాడు.

ఆ ఒక్క మాటకి జవాబే ఇదంతా. అప్పుడే చెప్పేదాన్ని, కానీ స్టవ్ మీద టీ పొంగుతోంది.

ముందుగా ఒక ప్రశ్న. ఈ మాట మన ఆడవాళ్లం ఏదైనా అన్నప్పుడే ఎందుకు గుర్తొస్తుంది? 2021లో 'పుష్ప' వచ్చాక మా వీధిలో మూడేళ్ల పిల్లాడి నుంచి ముసలాయన దాకా గడ్డం కింద చెయ్యి రుద్దుకుంటూ తిరిగారు. అప్పుడెవరూ సినిమాని సినిమాలా చూడమని చెప్పలేదు. హీరోల కటౌట్లకి పాలు పోస్తున్నప్పుడు చెప్పలేదు. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని ఫోన్లలో ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటున్నప్పుడు చెప్పలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఆ జనమంతా సినిమాని సినిమాలా చూడ్డానికే వచ్చారా?

ఇంకోటి. సినిమా మనిషి మీద పనిచెయ్యదంటే, అదే హీరో చేత నగల దుకాణం వాళ్లు, కూల్‌డ్రింకు వాళ్లు కోట్లు పోసి ప్రకటనలు ఎందుకు చేయించుకుంటున్నారు? ఆయన తాగితే మన పిల్లలు తాగుతారని వాళ్లకి నమ్మకం. అదే ఆయన అమ్మాయి వెంట పడితే మాత్రం మన పిల్లలు పడరట! ఇదెక్కడి లెక్క?

మా అమ్మమ్మ కాలం సంగతి చూడండి. సూర్యకాంతం గారు గయ్యాళి అత్త వేషాలు వేసీ వేసీ, ఆ పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడమే మానేశారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అంత చక్కని పేరు ఇళ్లల్లోంచి పోయిందంటే సినిమా ఇంటి గడప దాటి లోపలికి వచ్చినట్టా, రానట్టా?

ఇక అసలు విషయం. నా బాధ బట్టల గురించి కాదు. రక్తం గురించి కూడా కాదు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక ఇచ్చింది. మంచిదే. కానీ స్టెప్పుని కత్తెరతో తీసెయ్యొచ్చు. కథలో ఉన్న బుద్ధిని ఏ కత్తెర తీస్తుంది?

2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చింది. హీరో కాలేజీలో సీనియరు. జూనియరు అమ్మాయిని చూస్తాడు. ఆమె తనదని క్లాసుకి వెళ్లి మగపిల్లలకి ప్రకటిస్తాడు. ఆమె అనుమతి అడక్కుండానే ముద్దు పెడతాడు. ఆ అమ్మాయి చాలాసేపు నోరు విప్పదు. విప్పేసరికి ప్రేమలో ఉంటుంది. సినిమా బాగా తీశారు, నటన బాగుంది, కాదనను. బాగా తీశారు కాబట్టే నా భయం. చెత్తగా తీస్తే రెండో రోజుకి మర్చిపోయేవాళ్లం.

'పుష్ప' మొదటి భాగంలో హీరోయిన్ ఒకసారి చూసి నవ్వడానికి వెయ్యి రూపాయలు, ముద్దుకి ఐదు వేలు. అదొక కామెడీ. ఇక అదే అర్జున్ రెడ్డి దర్శకుడు 2023లో హిందీలో తీసి తెలుగులోనూ వదిలిన 'యానిమల్'లో, ప్రేమ ఉంటే బూటు నాకి నిరూపించుకోమంటాడు హీరో. ఈలలు! దానికి 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చారు కదా అంటారు. 'సలార్'కి ఇచ్చారు, 'హిట్ 3'కి ఇచ్చారు. థియేటర్ గేటు దగ్గర ఆపుతారేమో గానీ, నెల రోజుల తర్వాత అదే సినిమా మా హాల్లో టీవీలోకి వచ్చేస్తుంది. అప్పుడు ఆపాల్సింది నేను. వాళ్లు వందల కోట్లు లెక్క పెట్టుకుంటారు. చెడిందాన్ని కడిగి ఆరేసే పని మాత్రం అమ్మలకి వదిలేస్తారు. పైగా వాడు తేడాగా మాట్లాడితే "పెంపకం అలా ఉంది" అని ఆ మాట కూడా మనమే పడాలి.

ఇవన్నీ కత్తులు, గొడ్డళ్ల సినిమాలు, మాది క్లీన్ ఫ్యామిలీ సినిమా అనేవాళ్లూ ఉన్నారు. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' చూశాం. వెంకటేష్ అంటే నాకు ప్రాణం. పొట్ట పట్టుకుని నవ్వాను, అబద్ధమెందుకు? కానీ ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటూ ఆలోచిస్తే, అందులో పెళ్లాం పాత్రకి మొగుణ్ణి పాత ప్రేయసి నుంచి కాపలా కాసుకోవడం తప్ప పెద్దగా పనేముంది? ఇక ఓటీటీలు చూసి బూతులు నేర్చుకున్న బుల్లిరాజు ఉన్నాడు. పిల్లలు అలా చెడిపోతున్నారనే కదా చెప్పారు అంటారు. నిజమే. కానీ హాల్లో జనం నవ్వింది ఆ నీతికి కాదు, వాడి నోట్లోంచి వచ్చే బూతులకే. తర్వాత వారం మా చుట్టాల పిల్లాడు ఆరేళ్లవాడు, మా ఇంట్లో పని చేసే ఆమెని అలాంటి మాటే అన్నాడు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె చీపురు పక్కన పెట్టి ఓ నిమిషం అలా నిలబడిపోయింది.

"మరి ఏం తియ్యమంటారు? నీతికథలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. ఆడమనిషికి బుర్ర ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. ఇది నేను కొత్తగా అడుగుతున్నదేం కాదు. నేను బి.ఏ.లో చదువుకున్న 'కన్యాశుల్కం' 1892లో ఆడిన నాటకం. మధురవాణి ముందు ఎంత గొప్ప మగవాడి తెలివైనా దిగదుడుపే. 1962లో రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకి పెట్టిన పేరేమిటి? 'గుండమ్మ కథ'. ఇద్దరు పెద్ద హీరోలని పెట్టుకుని సినిమాకి ఓ నడివయసు ఆడమనిషి పేరు పెట్టారు! ఇవాళ ఎవరైనా అంత సాహసం చేస్తారేమో చెప్పండి.

ఇప్పుడూ తీసేవాళ్లు లేకపోలేదు. 2024లో '35 చిన్న కథ కాదు' వచ్చింది. తిరుపతిలో ఓ గృహిణి. పెద్దకొడుక్కి లెక్కలు రావు. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని వాడి అనుమానం. వాడికి చెప్పడం కోసం ఆ తల్లి తను లెక్కలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. ఒక్క ఫైటు లేదు. వాడికి ముప్పై అయిదు వస్తాయా రావా అని నేను పమిట కొంగు నలిపేసుకున్నాను.

2025లో 'ది గర్ల్‌ఫ్రెండ్' వచ్చింది. అందులో ఉన్నదీ అర్జున్ రెడ్డి లాంటి కుర్రాడే. కాకపోతే ఈసారి కెమెరా అమ్మాయి వైపు పెట్టారు. అంతే తేడా! అటునుంచి చూసేసరికి ఆ ప్రేమకి ఊపిరాడదు. అతని తల్లిగా రోహిణి కనిపిస్తుంది. నోట మాట లేదు. భయం భయంగా ఇంట్లో ఓ నీడలా తిరుగుతుంది. ఆ సీను వస్తున్నంతసేపూ మావారు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఆయన వైపు చూడలేదు. మావారు చెయ్యెత్తే మనిషి కాదు. కానీ ఇరవై రెండేళ్లలో నేను మింగిన మాటలన్నీ ఆ నీడతో పాటు హాల్లోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

ఇక ఆ బస్సు స్టాపు సంగతి. పండగ వెళ్లాక మొదటి రోజు నేనూ అమ్మాయితో వెళ్లాను, ఏడున్నర బస్సుకే. ఆ కుర్రాడు ఉన్నాడు. పందొమ్మిదేళ్లుంటాయేమో, పెంచిన గడ్డం, భుజానికి బ్యాగు. రౌడీలా ఉంటాడనుకుని గుండె దడదడలాడుతూ వెళ్లాను గానీ, చూస్తే మావాడి పక్కన కూర్చునే పిల్లాడిలా ఉన్నాడు. "ఎందుకు బాబూ మా అమ్మాయి వెంట వస్తున్నావు?" అని అడిగాను.

"నేనేమీ తప్పుగా ప్రవర్తించలేదాంటీ. ఒక్క మాట కూడా అనలేదు. ప్రేమిస్తున్నాను, అంతే" అన్నాడు.

నిజంగానే అన్నాడమ్మా ఆ మాట. వాడి కళ్లలో దొంగతనం లేదు. ఒక పిల్ల భయపడి, చలిలో బస్సు మార్చుకుంటే అది తను చేసిన తప్పని వాడికి తెలియనే తెలియదు. "నిన్ను చూసి అది పది రోజులుగా చీకట్లో లేచి ముందు బస్సుకి పోతోంది" అంటే, తెల్లబోయి చూశాడు. "సారీ ఆంటీ" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పాఠం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతకుముందు పదేళ్లుగా వాడికి ఎవరు ఏం పాఠం చెప్పారో మీరే ఆలోచించండి.

దీన్ని మా మరిదికి ఫోన్లో చెప్పాను. "అందరూ మీలా చెప్పేవాళ్లు ఉండాలి వదినా" అన్నాడు. చూశారా, మళ్లీ నా నెత్తినే!

సరే, మిగతావాళ్లని అన్నాను కాబట్టి నన్నూ అనుకోవాలి. 'పుష్ప 2'కి నలుగురం వెళ్లాం. టికెట్లు, పార్కింగు, పాప్‌కార్నూ కలిపి మా నెల పాలబిల్లు దాటింది. '35 చిన్న కథ కాదు' ఎక్కడ చూశాను? ఇంట్లో, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, ఓటీటీలో. 'ది గర్ల్‌ఫ్రెండ్'కీ అంతే, "ఇంట్లోకి వస్తుందిలే" అనుకున్నాను. మరి ఆడవాళ్ల సినిమాలకి వసూళ్లు రావని నిర్మాతలంటే తప్పు వాళ్లదొక్కళ్లదేనా? పెద్ద హీరో సినిమా బాగా లేకపోయినా మొదటి రోజే పరిగెత్తుతాం. మన గురించి తీసిన సినిమాకి మాత్రం నెల రోజులు ఆగుతాం. మొదటి వారంలో జనం లేకపోతే రెండో వారానికి తెరే ఉండదు.

అందుకని నేనొకటి అనుకున్నాను. పోపులడబ్బాలో దాచుకునే డబ్బుల్లోంచి ఇకమీదట ఇలాంటి సినిమాకి మొదటి ఆదివారం నాలుగు టికెట్లు. మావాణ్ణి తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకుంటాను. వాడు విసుక్కుంటాడు, తెలుసు. వాడు నవ్వకూడని చోట నవ్వితే మోచేత్తో పొడవడానికి నేనుంటాను. అమ్మాయి ఇప్పుడు ఏడున్నర బస్సుకే వెళ్తోంది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు "సినిమాని సినిమాలాగే చూడాలి" అనే ఉంటారు. ఈసారి టీ పొంగిపోయినా ఫరవాలేదు, స్టవ్ ఆపేసి వచ్చి జవాబు చెప్పండి.