జవాబు వచ్చింది, సమస్య తీరిందా?

పరీక్షాపత్రాల్లో వచ్చే సమస్యలు చాలా మర్యాదస్తులు. కావలసిన అంకెలన్నీ అవే తెచ్చి మన చేతిలో పెడతాయి. ఒకటి ఎక్కువుండదు, ఒకటి తక్కువుండదు. ఘర్షణ లేదనుకోమంటే లేదనుకుంటాం. తాడుకు బరువు లేదనుకోమంటే సరేనంటాం. సూత్రం గుర్తుంటే చాలు, పది నిమిషాల్లో జవాబు తేలుతుంది. దాని కింద రెండు గీతలు గీసి తరువాతి ప్రశ్నకు పోతాం. పుస్తకం చివరి పేజీలో ఉన్నదానితో సరిపోయిందా, ఇక ఆ సమస్య తీరినట్టే!

బయట ప్రపంచంలోని సమస్యలకు ఈ మర్యాద తెలియదు. వాటికి చివరి పేజీ లేదు. ఏ అంకె కావాలో మనమే వెతుక్కోవాలి, జవాబు సరైనదో కాదో మనమే తేల్చుకోవాలి. ఈ జిల్లాల్లో కొన్నేళ్లుగా ఫిజిక్సు పాఠాలు చెబుతున్నవాడిగా నా అభిప్రాయం ఒకటి ఈ సంచిక ద్వారా మిత్రుల ముందుంచుతాను. మన విద్యార్థులకు జవాబు రాబట్టడం వచ్చు. వచ్చిన జవాబును పరీక్షించడం మాత్రం మనం నేర్పటం లేదు. పరీక్షకు నిలవని జవాబు పరిష్కారం కాదు.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు, మన నీళ్ల దగ్గరే ఉంది. ఒక గేటు వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20 అడుగులు. దాని వెనక నిండుగా నీరుంది. గేటు మీద పడే బలం ఎంత? ఇంటర్మీడియట్ కుర్రవాడు చేసేస్తాడు. అడుగున ఒత్తిడి ఎక్కువ, పైన సున్న, సగటు తీసి వైశాల్యంతో హెచ్చవేస్తే సుమారు 340 టన్నులు. తుంగభద్ర డ్యామ్ గేట్లు ఈ కొలతవే. ఇప్పుడు పులిచింతల చూడండి. వెడల్పు ఇంచుమించు అంతే, నీటి ఎత్తు మాత్రం 17 మీటర్లు. ఎత్తు మూడింతలు కూడా కాలేదు కదా, బలమూ ఆ పాటిదే అనుకుంటే పొరపాటు. రెండున్నర వేల టన్నులు దాటిపోతుంది. ఎత్తు వర్గంతో పెరిగే బలమిది. లెక్క అంతవరకు బాగానే చెప్పింది.

కాని గేటును పట్టి ఉంచే గొలుసులో ఒక లింకు లోపల ఎంత తుప్పు పట్టిందో లెక్క చెప్పదు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. డాక్టర్ కె.ఎల్. రావుగారి పేరు పెట్టుకున్న జలాశయం అది. 2022 ఆగస్టు చివర గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గరి జలాశయంలో ఒక గేటు పోయింది. 2023 డిసెంబరులో అక్కడే మరొకటి పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది. ఆ డ్యామ్ వయసు అప్పటికి డెబ్భై దాటింది.

ఆగస్టు అంటే మన రైతుకు ఎలాంటి రోజులో చెప్పనక్కరలేదు. పత్తి మొలకెత్తి ఉంటుంది, మిరప నారు మడిలో ఉంటుంది. కాలువలో నీరొస్తుందన్న నమ్మకం మీదనే పెట్టుబడి పెట్టి ఉంటాడు. గేటు పోయిన రాత్రి పోయేది ఇనుము ఒక్కటే కాదు.

గేటు పోయిందనే సమస్య ఒకటే. దానికి రెండు పరిష్కారాలు చూశాం మనం. ఇలాంటప్పుడు స్టాప్‌లాగులనే ఇనుప పలకలను ఒకదానిమీద ఒకటి దించుతారు. పశువుల దొడ్డి వాకిట్లో అడ్డకర్రలు వేస్తామే, అలాగన్నమాట. పులిచింతలలో నీటిమట్టం బాగా తగ్గించిన తరువాతనే వాటిని దించగలిగారు. వదిలిన నీరు ప్రకాశం బ్యారేజి దాటి సముద్రం పాలైంది. తుంగభద్రలోనూ మొదట వినిపించిన మాట అదే, ఖాళీ చేస్తే గాని కుదరదని. అక్కడ కన్నయ్యనాయుడుగారనే గేట్ల నిపుణుడి సలహాతో, నీరు పారుతుండగానే పలకలు దించే మార్గం పట్టారు. ఇరవై అడుగుల ఎత్తును ఐదు ముక్కలు చేశారు. ఆగస్టు 16న మొదటి పలక దిగింది, మర్నాటికి మిగతావీ దిగాయి. డ్యామ్‌లో చాలా నీరు నిలిచింది.

ఐదు ముక్కలే ఎందుకు? ఇక్కడ మన పాఠం పనికొస్తుంది. పారే నీరు పలకను గాడికేసి అదుముతుంది. అదిమిన కొద్దీ ఘర్షణ పెరుగుతుంది. ఆ ఘర్షణను పలక సొంత బరువు గెలిస్తేనే అది కిందికి దిగుతుంది, లేకపోతే మధ్యలో బిగుసుకుంటుంది. పలక చిన్నదైతే దాని మీద పడే తోపుడూ చిన్నదే, క్రేను పట్టుకునే బరువూ చిన్నదే. 'ఘర్షణ లేదనుకొనుము' అని రాసే ప్రశ్నల్లో ఈ కథకు చోటే లేదు, చూశారా! ఘర్షణే అసలు సమస్య అక్కడ.

అయినా తుంగభద్ర సమస్య తీరిపోయిందని చెప్పలేం. తక్కిన గేట్ల మీద కూడా నమ్మకం చాలక 2025లో నిల్వను 80 టి.ఎం.సి.లకే పరిమితం చేశారు. పరీక్ష ఒక్కసారి పెట్టి వదిలేసేది కాదు. కట్టినంత కాలం పెడుతూనే ఉండాలి.

మరో ఉదాహరణ మన గుమ్మంలోనిదే. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో కృష్ణకు 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది, ప్రకాశం బ్యారేజి ఎన్నడూ చూడనంత. ఆ వరదలో పెద్ద బోట్లు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. గేటు బరువుకు తక్కెడలా సరితూగే కాంక్రీటు దిమ్మెలు దెబ్బతింటే వాటి స్థానంలో ఇనుపవి అమర్చారు. ఆ పని త్వరగానే అయింది. చిక్కంతా బోట్లతో వచ్చింది. క్రేన్లతో లాగి చూశారు, కదలలేదు. నీటిలోకి మనుషులు దిగి కోసి చూశారు, పని సాగలేదు. చివరకు రెండు బోట్లను ఇనుప గర్డర్లతో జతచేసి, మునిగిన బోటును గొలుసులతో వాటికి కట్టి లేపే పద్ధతి ఫలించింది. ఆర్కిమెడిస్ సూత్రం మొదటి రోజూ అందరికీ తెలుసు. ఏ పద్ధతిలో అది పని చేస్తుందన్నది మాత్రం చేసి చూస్తేనే తెలిసింది. అప్పుడు కొందరు 'ఇన్ని రోజులా' అని నవ్వారు. నేను నవ్వను. విఫలమైన ప్రతి ప్రయత్నమూ బోటు ఎక్కడ బిగుసుకుందో ఒక సంగతి చెప్పింది. దిగితే గాని లోతు తెలియదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక మన లేబరేటరీలకు వద్దాం. సింపుల్ పెండ్యులం ప్రయోగంలో వందమంది రికార్డులు తిప్పి చూడండి. వందమందికీ 'జి' విలువ 980 లేక 981 వస్తుంది. ఎలా వస్తుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. రీడింగులు తీయటం కాదు, వండటం! తమాషా ఏమిటంటే, 16 డిగ్రీల అక్షాంశం మీద, సముద్రానికి దగ్గరగా ఉన్న మన గుంటూరులో దాని విలువ 978కి కాస్త పైన, 978.4 ప్రాంతంలో ఉండాలి. అంటే మనవాళ్లు కష్టపడి వండుతున్నది వేరే ఊరి కూర. స్టాప్‌వాచీ పట్టుకున్న చేతికి ఆ కొద్ది తేడా దొరకదు, నిజమే. 970 రావచ్చు, 985 రావచ్చు. కాని '970 వచ్చింది, నా కొలతలో ఇంత తేడా ఉండే వీలుంది, కారణం ఇది' అని రాసిన కుర్రవాడే నా దృష్టిలో ప్రయోగం చేసినవాడు. 981 రాసినవాడు పుస్తకం చదివాడంతే.

రేపు వీళ్లలో ఒకరు ఏదో గేటు దగ్గర జూనియర్ ఇంజనీరవుతారు. గొలుసు మందం కొలిచి రిజిస్టరులో రాయాలి. కొలవకుండా 'సరిగా ఉన్నది' అని రాసే అలవాటు ఎక్కడ పట్టుబడిందంటారు? పెండ్యులం దగ్గరే.

దీనికి వచ్చే సమాధానం నాకు తెలుసు. 'సిలబస్ అవ్వాలండీ, మార్కులు రావాలండీ, పరికరాలు లేవండీ.' ఇవన్నీ నిజాలే. లెక్చరర్ల కష్టాలు నాకు తెలియనివి కావు. కాని జవాబును పరీక్షించటానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ప్రమాణాలు సరిపోయాయా? నీటి ఎత్తు సున్న చేస్తే బలం కూడా సున్న అవుతోందా? అంకె నమ్మదగినంతలో ఉందా? మరో దారిలో చేస్తే అదే వస్తోందా? ఈ నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు, పెన్సిలు చాలు. అయిదో ప్రశ్న మాత్రం బయటికి నడిపిస్తుంది. కొలిచి చూస్తే ఎంత వస్తుంది?

మన రైతు ఈ పని ఎప్పుడూ చేస్తూనే ఉన్నాడు. కల్లంలో మిరపకాయ ఎండిందో లేదో నోటిమాట మీద నమ్మడు. కాయ చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు వింటాడు. కొత్త పత్తి విత్తనం వచ్చిందంటే తెలివైనవాడు ముందు కొద్ది నేలలో వేసి చూస్తాడు. 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెతలో అసలు మాట ఆ 'చూడు' అన్నదే. అలాంటి ఇళ్లలోంచి వచ్చిన పిల్లలు కాలేజిలో చేరి, చూడకుండా రాయటం నేర్చుకుంటున్నారంటే తప్పు పిల్లలది కాదు.

కనుక యూనియన్ మిత్రులకు, అధ్యాపక సోదరులకు మూడు మాటలు మనవి చేస్తాను. మొదటిది, ప్రతి లెక్కలోనూ జవాబును సరిచూసినందుకు ఒక మార్కు కేటాయించాలి. తప్పు జవాబు వచ్చి, 'ఇది తప్పని తెలుస్తోంది, ఎందుకంటే...' అని రాసినవాడికి కూడా ఆ మార్కు ఇవ్వాలి. రెండవది, లేబరేటరీలో నిజాయితీ రీడింగుకు శిక్ష ఉండకూడదు. పుస్తకంతో సరిపోలేదని రికార్డు విసిరికొట్టే రోజు పోతే, వంట కూడా ఆగుతుంది. మూడవది, బజారులో డబ్బిచ్చి ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కునే ఆచారం మానాలి. ఏడాదికొక స్థానిక సమస్య తీసుకుందాం. ఊరి పక్క కాలువలో ఒక నిమ్మకాయ వేసి, వంద అడుగులు ఎంతసేపట్లో పోయిందో చూస్తే ఉపరితల వేగం తెలుస్తుంది. సగటు వేగం అందులో సుమారు 85 శాతం. కాలువ అడ్డుకోత కొలిస్తే ప్రవాహం వస్తుంది. దాన్ని తూము దగ్గర రాసిన అంకెతో పోల్చండి. సరిపోతే సంతోషం. సరిపోకపోతే అంతకంటే సంతోషం, అక్కడే మీకు అసలైన ప్రాజెక్టు దొరికింది.

నిమ్మకాయకు ఖర్చెంత? రూపాయలతో పని. సంకోచం వదిలిపెట్టటానికయ్యే ఖర్చే ఎక్కువ. మన జవాబు తప్పు కావచ్చునని ముందే ఒప్పుకుని కాలువ గట్టుకు వెళ్లాలి మరి. డిగ్రీ పట్టాతో పాటు ఆ ధైర్యాన్ని కూడా ఇవ్వగలిగితే, ఈ జిల్లాల్లో రేపు గేట్ల దగ్గర, కాలువల దగ్గర, స్తంభాల దగ్గర నిలబడే మన పిల్లలు రిజిస్టరులో చూసిందే రాస్తారు. చూడందే రాయరు.